ఆరడుగుల లీష్‌తో టెక్సాస్ పార్కులు



టెక్సాస్ రాష్ట్రంలో పల్లెదారుల వెంట వెళ్తుంటే కంచె కర్రల మీద, చెట్ల మొదళ్ళ మీద నిలువునా పూసిన ఊదారంగు పట్టీలు కనిపిస్తాయి. "ఇది సొంత జాగా, లోపలికి అడుగు పెట్టొద్దు" అని ఆ రంగుకు అర్థం. 1997లో దీనికి చట్టమే చేశారు. బోర్డు లేకపోయినా రంగు ఉంటే చాలు, దాటినవాడిదే తప్పు. 1845లో టెక్సాస్ అమెరికాలో కలిసినప్పుడు తన ప్రభుత్వ భూముల్ని కేంద్రానికి అప్పజెప్పలేదు, తన దగ్గరే ఉంచుకుంది. ఆ తర్వాత రైల్వే కంపెనీలకు కొంత, సేద్యానికి వచ్చినవాళ్ళకు కొంత ఇచ్చుకుంటూ, అమ్ముకుంటూ పోయింది. ఇవాళ ఆ రాష్ట్రం నేలలో 95 శాతం పైగా ప్రైవేటుదే. అంత పెద్ద రాష్ట్రంలో మామూలు సంసారి కాలు సాగించి నడవడానికి మిగిలిన చోట్లు చాలా తక్కువ. వాటిలో ముఖ్యమైనవి స్టేట్ పార్కులు. ఈ పూట వాటి గురించే మాట్లాడతాను. అయితే వాటిని నాకు చూపించింది గైడ్ కాదు, ఒక కుక్క.

నేను భువనగిరి పక్క పల్లెటూళ్ళో పుట్టాను. చిన్న నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరయ్యాను. చెరువు కట్టలు, తూములు, మత్తళ్ళు నా లోకం. మా అబ్బాయి, కోడలు ఆస్టిన్ నగరం పక్కన రౌండ్ రాక్‌లో ఉంటారు. మేమిద్దరం వెళ్ళి కొన్ని నెలలు ఉండి వస్తుంటాం. వాళ్ళింట్లో ఒక కుక్క ఉంది. షెల్టర్ నుంచి తెచ్చుకున్నారు, ఏ జాతి అని అడిగితే అందరూ తలో పేరు చెబుతారు. దాని పేరు పీకన్. పీకన్ అంటే అక్కడి ఒక గింజచెట్టు, టెక్సాస్ రాష్ట్ర వృక్షం కూడా అదే. మా ఆవిడ మాత్రం పిచ్చుక అని పిలుస్తుంది. అది రెండిటికీ తోక ఊపుతుంది. కుక్కను గడప దాటనివ్వని ఇంట్లో పుట్టి పెరిగిన మనిషి మా ఆవిడ. మొదట్లో సోఫాకు ఈ చివర ఆవిడ, ఆ చివర అది. ఇప్పుడు ఆ సంగతి అడక్కండి.

అమెరికాలో నేషనల్ పార్కులు వేరు, స్టేట్ పార్కులు వేరు. నేషనల్ పార్కులు కేంద్రానివి. టెక్సాస్‌లోనే ఉన్న బిగ్ బెండ్ నేషనల్ పార్కు సంగతి చూడండి. అక్కడ కుక్క కారు వెళ్ళగలిగిన చోటు దాకానే వెళ్ళాలి, కాలిబాటలు ఎక్కకూడదు. స్టేట్ పార్కులు రాష్ట్రానివి. చాలా పార్కుల్లో కుక్కను కాలిబాటల మీద నడిపించుకుని వెళ్ళవచ్చు. షరతులు మాత్రం ఉన్నాయి. లీష్, అంటే మెడపట్టీకి కట్టిన తాడు, ఆరడుగులకు మించకూడదు. కుక్కను ఒంటరిగా వదిలి వెళ్ళకూడదు. పార్కు భవనాల్లోకి తేకూడదు. ఈతకని కేటాయించిన రేవుల్లోకి, ఆ ఒడ్డుకు రానివ్వకూడదు. అది చేసిన గలీజు ఎత్తి సంచిలో వేసుకుని వెళ్ళాలి.

ఇవి అన్ని పార్కులకూ ఉన్న నియమాలు. వీటి మీద ఒక్కో పార్కు తన సొంత బోర్డు ఒకటి పెడుతుంది. "కుక్కలు ఇక్కడి నుంచి ముందుకు రాకూడదు" అని. అలాంటి బోర్డు కనిపిస్తే ఎందుకు అని అడగడం నాకు అలవాటు. ఆఫీసు రోజుల నుంచీ ఉన్నదే. ఏ తూముకు తలుపు ఎందుకు పెట్టారో తెలిస్తేనే చెరువు అర్థమవుతుంది కదా. ఆ పార్కులు కూడా అలాగే, కుక్కను ఆపిన చోటే బోధపడ్డాయి.

ముందు ఎన్‌చాంటెడ్ రాక్ గురించి చెబుతాను, నా మనసుకు అన్నిటికంటే దగ్గరిది కాబట్టి. ఆస్టిన్‌కు పడమట, ఫ్రెడరిక్స్‌బర్గ్ ఊరికి ఉత్తరాన ఒకే బండ, గులాబిరంగు గ్రానైటు. చుట్టూ ఉన్న నేల మీద 425 అడుగులు లేస్తుంది. మా భువనగిరి గుట్టను తెచ్చి అక్కడ పెట్టారా అనిపించింది, కోట ఒక్కటే తక్కువ. రెండూ పుట్టిన తీరు ఒకటే. భూమి లోతుల్లో చల్లారిన శిల, పైనున్న పొరలు కోట్ల ఏళ్ళలో కొట్టుకుపోయాక బయటపడింది. పై బరువు తగ్గిన కొద్దీ శిల ఉబ్బి, ఉల్లిపొరల్లా పెచ్చులు లేచి గుండ్రబడింది. వయసు చూస్తే ఎన్‌చాంటెడ్ రాక్‌ది సుమారు వంద కోట్ల ఏళ్ళు. మన తెలంగాణ గ్రానైటు చాలావరకు 250 కోట్ల ఏళ్ళది. ఈ మాట మా మనవరాలికి చెబితే "అయితే మన రాక్ వాళ్ళ రాక్‌కు తాత అన్నమాట" అంది. మరి కాదా!

అక్కడ టోంకవా ఆదివాసులు ఆ బండలో ఆత్మలు ఉన్నాయని నమ్మేవారట. పగలంతా కాలిన రాయి రాత్రి చల్లబడుతూ కిర్రుమంటుంది, మూలుగుతుంది. బండల మధ్య పెరిగినవాడికి అది కొత్త చప్పుడు కాదు.

ఆ గుట్ట కింద బోర్డు ఉంది. శిఖరానికి వెళ్ళే బాటలో కుక్కలకు ప్రవేశం లేదు. గుట్ట చుట్టూ తిరిగే లూప్ బాటలో, టెంట్లు వేసుకునే చోట, పగటి విడిదిలో మాత్రం రానిస్తారు. మా అబ్బాయి, కోడలు, మనవరాలు, ఆఖరికి మోకాళ్ళ నొప్పుల మా ఆవిడ కూడా పైకి బయల్దేరారు. నేను పీకన్‌ను పట్టుకుని కింద ఉండిపోయాను. శిఖరానికి కుక్క వల్ల వచ్చే నష్టం ఏమిటని రేంజర్‌ను అడిగాను. ఆవిడ ఓపిగ్గా చెప్పింది.

నున్నగా కనిపించే ఆ బండ నెత్తిన లోతు తక్కువ గుంటలు ఉన్నాయి. మన వైపు దొనలు అంటాం. వాన పడినప్పుడు నిండుతాయి, ఎండాకాలం వట్టిపోతాయి. వాటిలో ఫెయిరీ ష్రింప్ అనే రొయ్యజాతి ప్రాణి ఉంటుంది, అంగుళం కూడా ఉండదు. దొన ఎండేలోపే పుట్టడం, పెరగడం, గుడ్లు పెట్టడం, చావడం అన్నీ అయిపోవాలి. గుడ్లు మాత్రం ఆ ఎండుమట్టిలో పొడిపొడిగా పడి ఉండి మళ్ళీ వాన కోసం ఆగుతాయి. ఎండా, మంచూ వాటిని ఏమీ చేయలేవు. అలాంటి దొనలో కుక్క దిగి పొర్లితే, అక్కడే గలీజు చేస్తే, అడుగున ఉన్న ఆ పిడికెడు మట్టి చెదిరిపోతుంది. ఒక దొన పోతే అందులోని లోకం మొత్తం పోయినట్టే. బండ మీద ఇంకో చోటు నుంచి రొయ్య నడిచి రాలేదు కదా అంది ఆవిడ.

నిజం చెప్పాలంటే నేను మా గుట్ట మీది దొనల్లో కాళ్ళు కడుక్కుంటూ పెరిగాను. వాటిలో ఏం బతుకుతున్నాయో అడగాలని ఆ ఊళ్ళో ఎవరికీ తోచినట్టు లేదు. భువనగిరి కోటకు వెళ్ళే కాలేజీ పిల్లలు ఎవరైనా ఈ ప్రసంగం వింటుంటే, వర్షాకాలం అయ్యాక ఒకసారి ఆ నీళ్ళలోకి వంగి చూడండి. గాజుగ్లాసులో కొంచెం తీసుకుని వెలుతురులో పట్టుకుంటే సరిపోతుంది.

లూప్ బాట ఏడు కిలోమీటర్ల పైచిలుకు. శిఖరం ఎక్కినవాళ్ళు బండ ఒక్కటే చూసి వచ్చారు. కుక్కతో చుట్టూ తిరిగినవాడికి బండ నుంచి రాలిన గుండ్లు, వాటి సందుల్లో ఓక్ చెట్లు, వాగు, అన్ని వైపుల నుంచీ ఆ గుట్ట మారే ఆకారం కనిపిస్తాయి. శిఖరం మీది జనసమ్మర్దం కూడా ఉండదు. మా ఆవిడ దిగివచ్చి మోకాళ్ళు పట్టుకుంటూ "పైన గాలి తప్ప ఏముంది" అంది. అది నన్ను ఓదార్చడానికే అన్నదని నాకు తెలుసు.

గ్రానైటు సంగతి ఇదీ. కానీ ఆ కొండసీమలో, అక్కడివాళ్ళు హిల్ కంట్రీ అనే ప్రాంతంలో, చాలా భాగం సున్నపురాయి. పది కోట్ల ఏళ్ళ కిందట అక్కడ సముద్రం ఉండేది, ఆ రాయి దాని అడుగున పేరుకున్నదే. మన గ్రానైటు నేలలో నీరు పగుళ్ళలో ఎక్కడో నిలుస్తుంది, బోరు వేస్తే పడుతుందో పడదో దేవుడికే తెలియాలి. సున్నపురాయి నేల అలా కాదు. వాననీరు ఆ రాయిని కరిగించి బొరియలు, గుహలు చేసుకుంటుంది. వాగులో పారే నీరు ఒకచోట హఠాత్తుగా నేలలోకి దిగిపోతుంది, ఇంకెక్కడో ఊటగా లేస్తుంది. ఎడ్వర్డ్స్ ఆక్విఫర్ అనే ఆ భూగర్భ జలాశయం నుంచే శాన్ ఆంటోనియో నగరం ఎక్కువ నీళ్ళు తాగుతుంది. మట్టిలో ఇంకి, వడకట్టుకుని చేరే నీరు కాదది. పైన ఏది పడితే అది చాలావరకు అలాగే కిందికి పోతుంది.

కాబట్టి కుక్క పెంటను సంచిలోకి ఎత్తమనే నియమం మర్యాద కోసం పెట్టిందనుకోవద్దు. మా ఆవిడకు ఆ పని చూస్తే ఒళ్ళు మండేది. "ఇంత చదువు చదివి అమెరికా వచ్చి కుక్క దొడ్డికి సంచి పట్టుకుని తిరుగుతారా" అని కొడుకును కోప్పడేది. నీటి శాఖ మనిషిని కాబట్టి జవాబు నేనే చెప్పాల్సి వచ్చింది. ఒక్క కుక్క కాదు, శని ఆదివారాల్లో వందల కుక్కలు వస్తాయి, వాటి కడుపులోని పురుగు గుడ్లు, సూక్ష్మజీవులు అన్నీ వానతోపాటు వాగులోకి, వాగుతోపాటు తాగునీటిలోకి అని. ఆవిడ విని, "అయితే సంచి ఇటివ్వండి" అనలేదు. కొడుకును తిట్టడం మాత్రం మానేసింది.

ఆ సున్నపురాయి నేల చూపించే రెండో ముఖం వరద. పెడర్నాలిస్ ఫాల్స్ స్టేట్ పార్కులో నది రాతిపొరల మెట్లు దిగుతూ పోతుంది. మామూలు రోజున చీలమండల లోతు నీరు, అద్దంలాంటి మడుగులు. పీకన్ లాంటి కుక్కకు ఆ నీళ్ళు చూస్తే కాళ్ళు ఆగవు. అయినా జలపాతం దగ్గర ఎవరూ నీటిలో దిగకూడదు, కుక్కా దిగకూడదు, మనిషీ దిగకూడదు. నీరు పెరుగుతున్నట్టు అనిపిస్తే సామాను వదిలేసి ఒడ్డెక్కమని హెచ్చరిక ఉంటుంది. ఆకాశం నిర్మలంగా ఉంది కదా అని సందేహిస్తే కుదరదు. వాన పడేది ఇక్కడ కాదు, పైన ఎక్కడో. ఆ గుట్టల మీద మట్టి జానెడు లేదు, కింద రాయి. టెక్సాస్ పక్కనున్న గల్ఫ్ సముద్రం నుంచి వచ్చే తేమగాలి ఆ గుట్టల అంచున లేచి కుండపోతగా కురుస్తుంది, పడిన నీరు చాలావరకు ఇంకే వ్యవధి లేక వాగులోకి దూకుతుంది. ఆ ప్రాంతాన్ని ఆకస్మిక వరదల సందు అని పిలుస్తారు.

2025 జులై 4 తెల్లవారుజామున గ్వాడలూప్ నదిలో అదే జరిగింది. హంట్ అనే చోట ముప్పావు గంటలో సుమారు 26 అడుగులు నీరు పెరిగింది. కొండసీమ మొత్తంలో 130 మందికి పైగా చనిపోయారు, వేసవి శిబిరానికి వచ్చిన చిన్నపిల్లలు కూడా. ఆ వార్త చదివినప్పుడు నాకు మా శాఖలో కట్ట తెగిన రాత్రులు గుర్తొచ్చాయి. చెరువుకైతే కనీసం మత్తడి దూకుతున్న శబ్దం ముందు వినిపిస్తుంది. అక్కడ నిద్రలో ఉన్నవాళ్ళకు అదీ లేదు. కుక్కతో టెంటు వేసుకునేవాళ్ళు నది గట్టున ఎంత చల్లగా ఉన్నా, వాన సూచన ఉన్న రాత్రి ఎత్తైన చోటే చూసుకోవాలి.

ఇక ఎండ. మన వాళ్ళు, అంటే పిల్లల్ని చూడ్డానికి వెళ్ళే అమ్మానాన్నలు, ఎక్కువమంది వేసవిలోనే వెళ్తారు. అక్కడి జులై, ఆగస్టు ఎండ మన రామగుండం ఎండకు ఏమీ తీసిపోదు. మనకు చెమట పడుతుంది, కుక్కకు పట్టదు. పాదాల అడుగున కొద్దిగా తప్ప దానికి చెమట గ్రంథులు పనిచేయవు, నాలుక చాపి రొప్పి రొప్పి ఒళ్ళు చల్లబరుచుకోవాలి. పగ్, బుల్‌డాగ్ లాంటి ముక్కు చదును కుక్కలకు అదీ సరిగా చేతకాదు, వాటిని ఎండలో బాట ఎక్కించడమే పాపం. రాయి మీద అరచేతి వెనక భాగం ఆనించి ఏడు సెకన్లు ఉంచలేకపోతే ఆ రాయి మీద కుక్క నడవకూడదని ఒక లెక్క. గ్రానైటు బండ మీద మధ్యాహ్నం అయితే రెండు సెకన్లు కూడా ఉంచలేరు. కుక్కలకు జోళ్ళు అమ్ముతారు, మా కోడలు కొన్నది. అవి వేసినప్పుడు పీకన్ నడక చూసి మా ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకునేలా నవ్వింది. నాలుగు అడుగులు వేశాక అది వాటిని పీకేసుకుంది. పొద్దున్నే వెళ్ళి పది గంటలకల్లా నీడకు చేరడమే మేలని అప్పటి నుంచి అందరం ఒప్పుకున్నాం.

కుక్క ఒంటి వేడి మామూలుగా 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్ డిగ్రీల దాకా ఉంటుంది. 104 దాటితే ప్రమాదం. తెగ రొప్పుతూ, చిక్కటి చొంగ కారుతూ, చిగుళ్ళు ఎర్రబడి, కాళ్ళు తడబడుతుంటే నడక అక్కడే ఆపాలి. నీడలోకి తీసుకెళ్ళి పొట్ట మీద, గజ్జల్లో చల్లని నీళ్ళు పోస్తూ, కారు ఏసీలో డాక్టర్ దగ్గరికి చేర్చాలి. కుక్కకు ప్రత్యేకంగా నీళ్ళు మోసుకుని వెళ్ళాలి. దారిలో మడుగులు ఉన్నాయి కదా అనుకోకూడదు. 2019 ఆగస్టులో ఆస్టిన్ నడిబొడ్డునే లేడీ బర్డ్ లేక్‌లో ఈదిన కుక్కలు కొన్ని చనిపోయాయి. నీలి ఆకుపచ్చ నాచు విషం. వేసవిలో నిలిచిన గోరువెచ్చని నీటిలో ఆ నాచు పెరుగుతుంది. కుక్క ఆ నీరు తాగినా, ఒడ్డుకొచ్చి తడిసిన ఒళ్ళు నాకినా విషం లోపలికి వెళ్తుంది.

పాముల గురించి అడుగుతారు అందరూ. తోక గిలకలా ఆడించే రాటిల్‌స్నేక్ అక్కడ ఉంది. మన రక్తపింజరి కుటుంబమే. బాట మధ్యలో నడిచే కుక్కకు దానితో పేచీ తక్కువ, పొదలో ముక్కు పెట్టేదానికే ముప్పు. కాటు పడితే కోయడం, కట్టు బిగించడం లాంటి వైద్యాలు చేయకుండా, కుక్కను నడిపించకుండా ఎత్తుకుని తీసుకెళ్ళాలి. ఆరడుగుల లీష్ ఎందుకు అంటే ఇక్కడొక కారణం. ఇంకో కారణం లేళ్ళు. మే, జూన్ నెలల్లో అక్కడి తెల్లతోక లేడి పిల్లను గడ్డిలో పడుకోబెట్టి మేతకు వెళ్తుంది. పిల్ల కదలదు, కదలకపోవడమే దాని రక్షణ. వదిలేసిన కుక్క వచ్చేదాకా ఆ ఉపాయం పనిచేస్తుంది. ఆర్మడిల్లో మాత్రం అలా కాదు. ఒంటికి కవచం ఉన్నా బెదిరితే మూడు నాలుగు అడుగుల ఎత్తుకు ఎగురుతుంది. పీకన్ ముక్కు కిందే ఒకటి అలా ఎగిరితే పీకన్ నా కాళ్ళ మధ్యకు వచ్చి దాక్కుంది.

టీకాల మాట కూడా ఇక్కడే చెప్పాలి. కుక్కలు అడవి జంతువులకు జబ్బులు అంటిస్తాయన్నది ఎక్కడో పరాయి దేశం కథ కాదు. 2018 సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో మన గిర్ అడవిలో ఇరవైకి పైగా సింహాలు చనిపోయాయి. కనైన్ డిస్టెంపర్ వైరస్ వాటిలో బయటపడింది. పేరులోనే ఉంది, అది కుక్కల జబ్బు. మిగిలిన సింహాలకు వేయడానికి టీకాలు అమెరికా నుంచే తెప్పించారు. మన అభయారణ్యాల్లోకి పెంపుడు కుక్కను రానివ్వరని విసుక్కునే హైదరాబాదీ మిత్రులు నాకు ఉన్నారు. వాళ్ళ కోసం 2018లోనే కొండాపూర్‌లో కుక్కల పార్కు ఒకటి తెరిచారు, అక్కడికి వెళ్తే సరి. పులి ఉన్న చోటికి కుక్కను తీసుకెళ్ళాలన్న సరదా నాకైతే అర్థం కాదు.

ఈ పార్కులు ఎలా వచ్చాయో రెండు మాటలు. ప్యాట్ నెఫ్ అని 1921 నుంచి 1925 దాకా టెక్సాస్ గవర్నర్. 1923లో శాసనసభ చేత స్టేట్ పార్క్స్ బోర్డు పెట్టించాడు. కానీ భూమి ఏదీ? ఊరూరా తిరిగి దానం అడిగాడు. అప్పటికే ఆయన తల్లి ఇసబెల్లా నెఫ్ ఆరు ఎకరాలు జనం కోసం రాసిపోయింది, ఇప్పుడు అది మదర్ నెఫ్ స్టేట్ పార్కులో భాగం. పదేళ్ళ తర్వాత, మహామాంద్యం రోజుల్లో, రూజ్వెల్ట్ ప్రభుత్వం పని లేని యువకుల్ని శిబిరాల్లో పెట్టి ఈ పార్కుల్లో పని చేయించింది. నెలకు 30 డాలర్ల జీతం, అందులో 25 ఇంటికి పంపేవారు. మన ఉపాధి హామీకి ముందు తరం అనుకోండి. బ్లాంకో స్టేట్ పార్కులో వాళ్ళు నదికి అడ్డంగా కట్టిన చిన్న రాతి ఆనకట్టలు ఇప్పటికీ నీరు నిలుపుతున్నాయి. తొంభై ఏళ్ళు! నేను ఆ కట్ట దగ్గర నిలబడి రాళ్ళ పేర్పు చూస్తుంటే మా వాళ్ళు కుక్కతో చాలా ముందుకు వెళ్ళిపోయారు. కాంట్రాక్టర్ ఎవరని అడగాలనిపించింది.

అదే శిబిరాలవాళ్ళు ఫ్రియో నది మీద గార్నర్ స్టేట్ పార్కు కట్టారు. రూజ్వెల్ట్ దగ్గర ఉపాధ్యక్షుడిగా ఉన్న జాన్ నాన్స్ గార్నర్ పేరు పెట్టారు, ఆయనది పక్కనే యువాల్డే. అక్కడ వేసవి రాత్రుల్లో వాళ్ళు కట్టిన రాతి భవనం పక్కన అరుగు మీద జ్యూక్‌బాక్స్ పాటలకు జనం నాట్యం చేస్తారు. 1940ల నుంచీ నడుస్తున్న ఆనవాయితీ. తాతలు మనవరాళ్ళతో, పదహారేళ్ళవాళ్ళు సిగ్గుపడుతూ తమ ఈడువాళ్ళతో. ఆ గుంపులోకి కుక్కను ఎలా తేగలం? మా అబ్బాయి వాళ్ళు వంతులు వేసుకున్నారు. నా వంతు వచ్చినప్పుడు నేనూ పీకన్ దూరంగా సైప్రస్ చెట్ల కింద కూర్చున్నాం. పాటలు బాగానే వినిపించాయి. నాకు ఒక్క పాటా తెలియదు, దానికీ తెలియదు. కుక్కను ఒంటరిగా వదలొద్దనే నియమం మీద నాకున్న ఒకే ఒక ఫిర్యాదు ఇదే, ఒక కుటుంబం మొత్తం ఒక్క పాటకైనా కలిసి ఆడలేదు. కానీ దాన్ని టెంటు దగ్గర కట్టేసి పోతే రాత్రంతా మొరిగి పక్కవాళ్ళ నిద్ర పాడుచేస్తుందని నాకూ తెలుసు. మా కాలనీలో అలాంటి ఇల్లు ఒకటి ఉంది.

లాస్ట్ మేపుల్స్ పార్కు గురించి ఎక్కువ చెప్పను. అక్టోబరు చివర, నవంబరులో ఆ లోయలో మేపుల్ ఆకులు ఎర్రబడతాయి, జనం ఎగబడతారు. ఆ చెట్ల వేళ్ళు పైపైనే ఉంటాయి, తొక్కిడికి నేల గట్టిపడితే చెట్టుకు ఊపిరాడదు. బాట దాటొద్దనే బోర్డు కుక్క కంటే మనిషికే ఎక్కువ పనికొస్తుంది. ఫొటో కోసం చెట్టు మొదట్లో నిలబడేది కుక్క కాదు.

ఇంక డాలస్ వైపు ఉన్న తెలుగువాళ్ళకు దగ్గర పార్కు గ్లెన్ రోజ్‌లోని డైనోసార్ వ్యాలీ. పలక్సీ నది అడుగున రాతిలో 11 కోట్ల ఏళ్ళ నాటి డైనోసార్ల అడుగుజాడలు ఉన్నాయి. గాబు అంత గుండ్రటివి మొక్కలు తినేవాటివి, మూడు వేళ్ళవి మాంసం తినేవాటివి. 1940లో రోలండ్ బర్డ్ అనే శిలాజాల అన్వేషకుడు ఆ జాడల వరుస ఒకటి నది నుంచి పెకలించి న్యూయార్క్ మ్యూజియానికి చేర్చాడు. మిగిలినవి అక్కడే ఉన్నాయి. 2022 కరువులో నది ఎండినప్పుడు మామూలుగా కనపడనివి కూడా బయటపడ్డాయి. నీరు తక్కువగా ఉన్న నెలల్లో వెళ్తేనే చూడగలరు. పీకన్‌కు ఆ గుంతలు నీళ్ళు తాగే గిన్నెల్లా పనికొచ్చాయి. గేటు దగ్గర మాత్రం గొడవ చేసింది. 1964 న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శన కోసం చేసిన రెండు ఫైబర్‌గ్లాస్ డైనోసార్లు అక్కడ నిలబెట్టారు. వాటిని చూసి ఒకటే మొరుగుడు. అసలు జాడల మీద అడుగేసినప్పుడు లేని భయం బొమ్మను చూస్తే వచ్చింది. మా మనవరాలికి నేను కోటసారస్ గురించి చెప్పాను. పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికిన ఎముకలతో నిలబెట్టిన డైనోసార్ హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో ఉంది, పలక్సీ జాడల కంటే చాలా పాతది. "దాని దగ్గరికి పీకన్‌ను రానిస్తారా" అంది. మ్యూజియం కదా, రానివ్వరు అన్నాను. "ఎందుకు" అంది. ఆ అలవాటు ఇంటిపేరుతోపాటు దిగినట్టుంది.

వెళ్ళదలిచినవాళ్ళకు ఒక సంగతి. శని ఆదివారాలకు ముందుగా ఆన్‌లైన్‌లో చోటు రిజర్వు చేసుకోండి. ఎన్‌చాంటెడ్ రాక్ లాంటివి నిండగానే గేటు మూసేస్తారు. పన్నెండేళ్ళు, అంతకు లోపు పిల్లలకు ప్రవేశ రుసుం లేదు. తరచూ వెళ్ళేవాళ్ళకు ఏడాది పాసు లాభం, అదే కారులో వచ్చే అతిథులకూ చెల్లుతుంది.

ఈ పార్కులన్నీ శాశ్వతం అనుకోవడానికి లేదు. డాలస్‌కు దక్షిణాన ఫెయిర్‌ఫీల్డ్ లేక్ స్టేట్ పార్కు ఉండేది. భూమి ఒక విద్యుత్ కంపెనీది, రాష్ట్రం లీజుకు తీసుకుని నడిపింది. కంపెనీ ఆ భూమిని అమ్మేసింది, 2023 జూన్‌లో పార్కు మూతపడింది. దశాబ్దాలుగా చేపలు పట్టడానికి, కుక్కల్ని నడిపించడానికి వచ్చినవాళ్ళు గేటు దగ్గర నుంచి వెనక్కి పోయారు. అదే ఏడాది నవంబరులో టెక్సాస్ ఓటర్లు కొత్త పార్కుల భూమి కొనడానికి వంద కోట్ల డాలర్ల నిధికి ఒప్పుకున్నారు. బోర్డు పుట్టిన నూరేళ్ళకు, ఈసారి దానం అడగకుండా డబ్బిచ్చి కొంటారన్నమాట. ఆ కొనే భూముల్లో ఏ వాగు ఉంటుందో, ఏ దొన ఉంటుందో, కుక్కను ఎక్కడి దాకా రానిచ్చి ఎక్కడ ఆపుతారో చూడాలి. మా అబ్బాయి ఇప్పటికే మ్యాపులు తెరిచి కూర్చున్నాడు.